పద్నాలుగో అధ్యాయానికి ముడి

దాలమ్మ వేలు పదమూడో అధ్యాయం చివరి వాక్యం కింద ఆగింది. ఆమె ఆ వాక్యాన్ని పైకి చదివింది. ఎదురుగా గాజుపలక మీద దృశ్యం కదిలింది. అక్క గవరమ్మ ఉప్పుమడి గట్టు మీద నడుస్తోంది. వెనక తమ్ముడు పోలయ్య, నెత్తిన ఖాళీ తట్టతో.

"పుస్తకంతో కలిసిందా?" అని అడిగింది పలక.

"కలవలేదు. ఆ గుంటడి కాళ్ళకి సెప్పులున్నాయి. సెప్పుల్తో మడిలోకి ఎవులూ దిగరు."

పలక క్షణం ఆగి చెప్పులు తీసేసింది. పోలయ్య మడమల చుట్టూ తెల్లటి పగుళ్ళు వచ్చాయి.

"ఇప్పుడు కలిసింది," అంది దాలమ్మ.

పక్క గదిలోంచి పర్యవేక్షకుడు భానోజీ తల బయటపెట్టాడు. "పెద్దమ్మా, పొద్దున్నుంచి ఇది నాలుగో జత. మీ దెబ్బకి మా యంత్రం చెప్పుల దుకాణం పెట్టుకునేలా ఉంది."

"పెట్టుకోమను బావూ. మడి దగ్గర మాత్రం వద్దను."

నవలలను చిత్రాలుగా మలిచే ఆ అనుసరణశాలలో ఆమె మూలసాక్షి. ఏ నవల చిత్రమైనా, ఆ నవలను ఒక మనిషి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పైకి చదివి, కలిసిందని చెబితేనే ఇళ్ళకు వెళ్తుంది. వేగంగా చదివేవాళ్ళు వాక్యాలు మింగేస్తారని శాల అనుభవం. నలభై అయిదో ఏట అక్షరాలు దిద్దుకున్న దాలమ్మ ఒక్క దీర్ఘం కూడా దాటేయదు. పైగా "ఉప్పుగట్టు పిల్లలు" నవలలోని మడులు ఇప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి. వాటిలో కాళ్ళు పెట్టి పనిచేసినవాళ్ళలో శాలకు దొరికింది ఆమె ఒక్కతే.

పద్నాలుగో అధ్యాయం తెరిచింది. మూడే పేజీలు. పోలయ్యకు జ్వరం వస్తుంది. మూడో రోజు పోతాడు. దాలమ్మ వేలు పెట్టి చదివింది. పోయిన మూడో నాడు చేసే చిన్నదినం వాక్యాల దగ్గర నెమ్మదించింది గాని ఆగలేదు.

పలక మీద పోలయ్య చాప మీద లేచి కూర్చుని గంజి అడిగాడు. గవరమ్మ నవ్వింది.

"వంపు. ప్రయోగ గదులన్నింటిలో శోకాంకం నలభై దాటింది. సమ్మతమా?" అని అడిగింది పలక.

కుటుంబ చిత్రమంటే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది. చూస్తున్న గదిలో ఏ ఒక్కరి గుండె బరువెక్కినా చిత్రం ఆడే గోడ పసిగడుతుంది. అంకం నలభై దాటితే కథ తనంతట తానే వంగి, పోయినవాళ్ళను వెనక్కి తెస్తుంది. ఆరేళ్ళుగా దాలమ్మ ప్రతి వంపుకూ సమ్మతం చెబుతూ వచ్చింది. పిల్లలు నవ్వుతూ నిద్రపోతారు కదా అనుకునేది.

ఈసారి ఆమె వేలు ఆ పేజీ మీదే ఉండిపోయింది.

రెండు నెలల క్రితం ఆమె మనవడు హేమంత్ పోయాడు. అయిదేళ్ళవాడు. వాడికీ మూడు రోజులే జ్వరం. నాలుగో రోజు పొద్దున్నకల్లా ఇంట్లో ఎవరూ బాధపడకుండా చూసే నెమ్మది యంత్రం గోడల మీది వాడి బొమ్మలన్నీ తీసేసింది. వాడి పేరు పలికితే దీపాల రంగు మార్చి పాట పెట్టేది. చిన్నదినం చేయలేదు. పదిమంది కూడి ఏడిస్తే అంకం పెరుగుతుందని కాలనీవాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయారు. దాలమ్మ కూతురు సత్యవేణి అయిదో రోజున పనికి పోయింది.

హేమంత్ అక్క కుందనకు తొమ్మిదేళ్ళు. ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. గట్టి పిల్ల అనుకున్నారందరూ. పోయిన ఆదివారం దాలమ్మ జడ వేస్తుంటే అడిగింది.

"అమ్మమ్మా, తమ్ముడు ఎన్నో భాగంలో వస్తాడు?"

దాలమ్మ చేతిలో మూడు పాయలూ కలిసిపోయాయి.

"ఎవులు సెప్పారే నీకు, వస్తాడని?"

"ఎవరూ చెప్పలేదు. అందరూ వస్తారు కదా. రెండో భాగం అయ్యేలోపు వచ్చేస్తారు. మనదే లేటవుతోంది." పిల్ల గొంతులో దిగులు లేదు. బస్సు కోసం చూస్తున్నట్టుంది. "నువ్వు చేసే సినిమాలో తమ్ముడికి కూడా జ్వరమేనంట కదా. అది చూస్తే తెలిసిపోద్ది, ఎప్పుడొస్తాడో."

ఆ రోజు నుంచి దాలమ్మ గమనిస్తూనే ఉంది. పిల్ల తన వాటా బెల్లం జీడిలో సగం విరిచి డబ్బాలో దాస్తోంది. వాడి మంచం మీద దుప్పటి రోజూ మారుస్తోంది. ఈ సాయంత్రం ఆరింటికి చిత్రం ఇంటికి వస్తుంది. పోలయ్య లేచి గంజి తాగుతాడు. ఆ పిల్ల ఇంకో ఏడాది దుప్పట్లు మారుస్తుంది. ఏడాది తర్వాత ఎవరు చెప్పినా నమ్మదు.

"సమ్మతమా?" పలక మళ్ళీ అడిగింది.

"ముడి," అంది దాలమ్మ.

ముడి పడిన దృశ్యం ఏ ఇంట్లోనూ వంగదు. తప్పు పోకూడదని పెళ్ళి తంతులకీ, పనిముట్లకీ వేస్తారు. కళ్ళారా చూసిన సాక్షి మూలాన్ని మరోసారి తడబడకుండా చదివితేనే పడుతుంది. చావుకు ఇంతవరకూ ఎవరూ వేయలేదు. వేయకూడదని రాయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు.

"ఇలాంటి చావు కళ్ళారా చూశారా?" అడిగింది పలక.

"సూశాను."

చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో ఒక మాట తడబడింది. పలక ఎర్రబడింది. లేచి నీళ్ళు తాగి వచ్చి, మొదటి వాక్యం నుంచి మళ్ళీ అందుకుంది.

"చిన్నదినం నాడు గవరమ్మ తమ్ముడి వాటా అన్నం ఆకులో పెట్టి గట్టు మీద ఉంచింది. కాకి తినేదాకా ఎండలో నిలబడింది. తిన్నాక మడిలోకి దిగి, తన పని చేసుకుంది. తర్వాత వాడి పనీ చేసింది."

పలక పచ్చబడింది. ముడి పడింది.

భానోజీ పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, పొరపాటున పడింది. విప్పండి."

"పొరపాటేటి కాదు."

"కోటి పన్నెండు లక్షల ఇళ్ళు! వేసినవాళ్ళు తప్ప ఇంకెవరూ విప్పలేరు."

"తెలుసు."

"పిల్లలు ఏడుస్తారు."

"ఏడుస్తారు."

"రేపు మిమ్మల్ని ఇక్కడ కూర్చోనివ్వరు." అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "మీ మనవడి గురించేనా?"

"ఆడి గురించి కాదు బావూ, ఆడి అక్క గురించి. పోయినోడి కోసం దుప్పటి మారుస్తంది అది. ఎవులం సెప్పినా నవ్వుతాది."

భానోజీ పలక కేసి చూశాడు. "మా పాప కూడా చూస్తుంది పెద్దమ్మా. దానికి నాలుగేళ్ళు."

"ఒళ్ళో కూకోబెట్టుకో," అంది దాలమ్మ.

అతను లేచి తన గదికి వెళ్ళాడు. ఆమె మిగిలిన అధ్యాయాలూ చదివి, కలిసిందని చెప్పి, పుస్తకం మూసి ఇంటికి వెళ్ళింది.

ఆరింటికి ముగ్గురూ గోడ ముందు కూర్చున్నారు. కుందన మధ్యలో. పోలయ్యకు జ్వరం రాగానే పిల్ల ముందుకు వంగింది. గోడ మూలన అంకె పదహారు నుంచి ముప్పైకి, ముప్పై నుంచి నలభై ఒకటికి పోయింది. కథ వంగలేదు. చాప మీద పోలయ్య కదల్లేదు. గవరమ్మ ఆకులో అన్నం పెట్టింది. కాకి వచ్చింది.

కథ సాగింది. చివరి ఉప్పు బస్తా బండెక్కింది. తెర తెల్లబడింది.

కుందన తెర వైపు వేలు చూపించింది. "వాడు రాలేదు," అంది.

"రాడమ్మా," అంది దాలమ్మ.

"మనవాడు?"

దాలమ్మ పిల్ల ముఖం తన వైపు తిప్పుకుంది. "రాడు."

ముందు ఏడ్చింది సత్యవేణి. రెండు నెలల ఏడుపు ఒక్కసారిగా, గొంతు చించుకుని వచ్చింది. ఆ తర్వాత పిల్ల. గోడ దీపాల రంగు మార్చింది, పాట ఎత్తుకుంది. సత్యవేణి లేచి గోడ మీటను కిందికి లాగేసింది. పాట ఆగిపోయాక వినిపించింది, పక్కింట్లోంచి ఎవరో పెద్దమనిషి ఏడుపు. పై అంతస్తులో ఎవరో. కిటికీ తీస్తే వీధి పొడవునా.

చాలాసేపటికి కుందన ముక్కు తుడుచుకుని తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, వాడ్ని ఎక్కడ పూడ్చారు?"

సత్యవేణి దాలమ్మ కేసి చూసింది. తర్వాత కూతురి కేసి.

"కొండ వెనకాల. సరుగుడు తోట దాటాక," అంది. "పొద్దున్నే పోదాం. నేను తీసుకెళ్తాను."