బ్యూలా చేతులు

2084 నాటికి విశాఖపట్నంలో పియానో ఎవరూ నేర్చుకోవడం లేదు, తొడుక్కుంటున్నారు. మోచేతుల దాకా వచ్చే ఆ పల్చటి తొడుగుల పేరు కరస్మృతి. ఒక విద్వాంసురాలు వాయిస్తున్నప్పుడు ఏ వేలు ఎంత వంగిందో, ఏ కండరం ఎప్పుడు బిగిసిందో సెన్సర్లు పట్టుకుంటాయి. తొడుక్కున్న పిల్లల నరాలకు అవే కదలికలు సన్నటి విద్యుత్ సంకేతాలుగా అందుతాయి. ఏడాది తిరిగేసరికి మెదడులోని మోటార్ కార్టెక్స్‌లో ఆ అలవాటు పాతుకుపోతుంది. ఆ తరవాత తొడుగు తీసేసినా వచ్చిన విద్య ఎక్కడికీ పోదు. పదేళ్ళ సాధన ఏడాదిలో ఒంటబడుతుందంటే తల్లిదండ్రులు ఎగబడరా మరి!

తొడుగుల్లో ఉన్నవి ప్రొఫెసర్ బ్యూలా చేతులు. దేశదేశాల్లో కచేరీలు చేసి, ఇప్పుడు సంగీత విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న మనిషి. కింది స్వరం నుంచి దూరంగా ఉన్న పై స్వరానికి దూకే ముందు ఆవిడ కుడిచెయ్యి లిప్తపాటు ఆగుతుంది. విమర్శకులు ఆ ఆగడానికి 'బ్యూలా విరామం' అని పేరు పెట్టి, అందులో లేని వేదాంతమంతా వెతికి మురిసిపోయారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఒక మధ్యాహ్నం తొడుగులతో నేర్చుకున్న ఎనిమిదేళ్ళ మిహిక ఎంత బాగా వాయించిందంటే, బ్యూలా ముచ్చటపడి తల నిమరబోయింది. పిల్ల చేతులు రెండూ చటుక్కున వెనక్కి పోయాయి. మెడ భుజాల్లోకి కుంచించుకుపోయింది. ఆ పూట తొడుగులు కూడా లేవు.

"ఏమ్మా, ఇంట్లో ఎవరైనా కొడతారా?"

"లేదు మేడం. మా ఇంట్లో ఎవరూ కొట్టరు. చేతులే అలా వెళ్ళిపోతాయి."

ఆ చేతులు ఎందుకు వెళ్ళిపోతాయో బ్యూలాకు తెలుసు. చిన్నప్పుడు నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. ఇంట్లో పాఠం చెప్పేటప్పుడు పక్కనే చెక్క స్కేలు పట్టుకుని నిలబడేవాడు. దూరపు స్వరం తప్పితే వేలి కణుపుల మీద దెబ్బ. ప్రపంచమంతా చప్పట్లు కొట్టిన ఆ విరామం, దెబ్బ పడుతుందేమోనని చూసుకోవడం తప్ప మరేమీ కాదు.

కరస్మృతిని కనిపెట్టిన డాక్టర్ తారకేశ్ దగ్గరికి ఆవిడ పరుగున వెళ్ళింది.

"నా భయం పిల్లలకు ఎక్కుతోంది తారకేశ్ గారూ. తీసెయ్యండి."

అతను తొణకలేదు. "భయం సంకేతం గ్రాఫుల్లో మొదట్నుంచీ కనిపిస్తూనే ఉంది మేడం. తియ్యడం ఒక్క పూట పని. కానీ దాంతోపాటు ఆ విరామమూ పోతుంది, అది చూసే అందరూ కొంటున్నారు. ఒక పని చెయ్యండి, తల్లిదండ్రుల్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్ళు వద్దంటే రేపే తీసేస్తాను, మాట."

బ్యూలాకు ప్రాణం లేచివచ్చింది. కన్నవాళ్ళు కదా, వింటే తొడుగుల్ని అక్కడే చించి పారేస్తారని ఆవిడ నమ్మకం.

ఆదివారం హాలు నిండిపోయింది. బ్యూలా ఏదీ దాచలేదు. నాన్న సంగతి, చెక్క స్కేలు సంగతి చెప్పింది. మిహిక ఎలా ముడుచుకుపోయిందో కూడా చెప్పింది. మిహిక తల్లి లాస్య లేచి నిలబడింది.

"అంటే, ఇదంతా తొడుగు వల్లేనా మేడం?"

"అవునమ్మా. నన్ను క్షమించు."

"అయ్యో, క్షమాపణ ఏంటండీ! అది పెద్దదవుతోంది కదా, బుద్ధొచ్చిందనుకున్నాం." లాస్య చుట్టూ చూసి, కొంచెం సిగ్గుపడుతూనే అనేసింది. "ఎదురు చెప్పడం మానేసింది మేడం. ఒక్కసారి పిలిస్తే వచ్చేస్తుంది. మేం చెయ్యెత్తే పనే లేదు. పిల్లలకి ఆ మాత్రం భయం ఉండాలి కదండీ. దయచేసి తీసెయ్యకండి."

ఛీ అనేవాళ్ళు ఒక్కరైనా ఉంటారని బ్యూలా హాలంతా కలయజూసింది. తలలు ఊగుతున్నాయి. అవును, అవును అంటూ గుసగుసలు లేచాయి. ఆవిడ కుర్చీలో కూలబడింది.

వెనక వరసలోంచి ఒక తండ్రి లేచాడు. పాపం, చాలా మర్యాదస్తుడు. చేతులు జోడించి మరీ అడిగాడు.

"మా ఇంట్లో పియానో లేదండి బాబూ. మావోడికి సంగీతం కూడా అక్కర్లేదు. ఒట్టి తొడుగులొక జత ఇప్పిస్తారేటి?"

బ్యూలా తారకేశ్ వైపు తిరిగింది. అతను ఆవిడను చూడటం లేదు.

"బాబు వయసెంతండీ?" అని అడుగుతున్నాడు.