నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు, ముప్పై అయిదు నిమిషాలు

"వాన యాడ పడింది?"

"హాలహర్విలో. చేను మాత్రం తడవలేదు."

కోడ్ సరిపోయింది. ఆదోని మార్కెట్ యార్డులో, పత్తి కుప్పల మధ్య దళారి వేషంలో కూర్చున్న చీఫ్ బసవరాజు, బేరమాడుతున్నట్టు తువ్వాలు కిందనుంచి ఏజెంట్ దేవేంద్ర చేతిలో చీటీ పెట్టాడు.

"ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు నుంచి విద్యానగర్ ఎయిర్‌పోర్టుకు. చార్టర్ ఫ్లైట్. ఎయిర్ డిస్టెన్స్ నూట డెబ్బై అయిదు కిలోమీటర్లు, ఫ్లైట్ టైమ్ ముప్పై అయిదు నిమిషాలు. ప్యాసింజర్ ఒక్కతే, రాడార్ ఇంజనీర్ సుమతి. విదేశీ ముఠా ఆమెను లేపేయాలని చూస్తాంది. బాంబు విద్యానగర్‌లో కాచుకున్న కారులో ఉందంట. విమానం సేఫ్. నువ్వు కూడా పోయి, ఆమెను ఆ కారెక్కనీకుండా చూడు."

"సోర్స్?"

"నీ నాగవేణే."

నాగవేణి ఎమ్మిగనూరు మగ్గాల ఇంటి పిల్ల. ముఠాకు కొరియర్, మనకు డబుల్ ఏజెంట్. కాటుక పెట్టుకుని ఓరగా చూసిందంటే దేవేంద్ర లాంటి మొండిఘటం కూడా కరిగి నీరయ్యేవాడు. వచ్చే నెలలోనే పెళ్లి.

మర్నాడు పొద్దున ఆమె ఆదోని బస్టాండుకు వచ్చి స్టీలు ఫ్లాస్కు ఇచ్చింది.

"కాఫీ. దిగే ముందర తాగు. అంతదాకా మూత తియ్యొద్దు, సల్లారిపోతాది."

అతని చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. పిచ్చి మారాజు, దాన్ని ప్రేమే అనుకున్నాడు. ఐడీ కార్డు చూపించి, చెకింగ్ లేకుండా ఆ ఫ్లాస్కును తనే విమానం ఎక్కించాడు.

పద్దెనిమిదో నిమిషం. కుడి కిటికీలో దూరంగా ఆదోని కొండలు.

"కాఫీ ఏమన్నా ఉందా అన్నా? తల పగిలిపోతాంది," అంది సుమతి.

దేవేంద్ర మూత తిప్పాడు. లోపల కాఫీ లేదు. వైర్లు, డిటొనేటర్, టైమర్, మూత తియ్యగానే పనిలోకి వచ్చిన కుదుపు స్విచ్. 03:40.

"ఇంకా ఎంత దూరం?" పైలట్ ప్రకాష్‌ను అడిగాడు.

"ఎనభై అయిదు కిలోమీటర్లు. పదిహేడు నిమిషాలు. వెనక్కి తిప్పినా అంతే."

ఎవరో ఫ్లాస్కు మార్చేసుంటారు అనుకున్నాడు దేవేంద్ర. ఆ ఆశ రెండు సెకన్లు కూడా నిలవలేదు. వైర్ల అతుకులకు ముడి లేదు, టేపు లేదు. కొసలు కలిపి మెలితిప్పి, పైన బూడిద అద్దారు. మగ్గం మీద పాత పడుగుకు కొత్త పడుగును పోగు పోగుగా అతికే పద్ధతి అది. నూలు జారకుండా బూడిద అద్దుతారు. వైరుకు బూడిదెందుకు? చేతి అలవాటు, అంతే. ఆ చెయ్యి ఎవరిదో అతనికి తెలుసు.

ఆ అతుకు విప్పడం అతనికి నేర్పింది కూడా ఆమే. "లాగినావంటే తెగుతాదప్పా. మెల్లగ వెనక్కి తిప్పు, అదే ఇడుస్తాది."

దేవేంద్ర ఏడ్చాడు. సుమతి చూస్తుండగానే, సిగ్గు లేకుండా ఏడ్చాడు. ఏడుస్తూనే, కుదుపు తగిలితే పేలే ఆ స్విచ్ కదలకుండా, ఒక్కో అతుకూ వెనక్కి తిప్పాడు. రెండోది వదిలేసరికి 00:50. మూడోది మొండికేసింది. కన్నీళ్లకు వేళ్లు జారాయి. చొక్కాకు తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాడు.

00:01 దగ్గర అంకెలు ఆరిపోయాయి.

విద్యానగర్‌లో దిగి ఫోన్ చేశాడు.

"యాడుండావు, నాగవేణీ?"

"దిగినావా?"

"దిగినా."

"ఎక్కొద్దని సెప్పల్లనుకుంటి. నోరు రాలేదు."

గొంతులో ఏడుపుంది. అది నిజమో, నటనో అతనికి తెలీలేదు. నిజమైతే మరీ ఘోరం. మాట్లాడిస్తూనే ఉన్నాడు. టీమ్ సిగ్నల్ పట్టుకుని ఎమ్మిగనూరు పోయింది. నాగవేణి మగ్గం గుంటలో కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకునే దొరికిపోయింది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు.

"దేవేంద్రా, నీ పెళ్లి లీవు ఈ పొద్దే శాంక్షన్ అయింది. క్యాన్సిల్ చేయించల్లనా?"

"వద్దు సార్. సిక్ లీవు కింద మార్పించండి."