పెట్రోలు బొమ్మ

ఆ పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవదు, తెరిపీ ఇవ్వదు. మాట దాచుకున్న మనిషి మొహంలా బిగుసుకుని ఉంది.

ఆమె రోజూ లాగే తడిగుడ్డతో మొగుడి టాక్సీ లోపల తుడుస్తోంది. ముందు అద్దం, తర్వాత స్టీరింగు, ఆ పక్కన దారి చూపించే జీపీఎస్ పెట్టె. గుడ్డ తగిలి తెర వెలిగింది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ తెర మీది మెనూ ఆమె సర్దిందే. ఇంట్లో కుట్టుపని చేసుకునే మనిషి. దారపుండలు వరసన పేర్చినట్టే ఆ బొమ్మలనూ పేర్చింది. మొదట ఇల్లు, తర్వాత వెళ్లొచ్చిన చోట్లు, అన్నిటికన్నా చివర పెట్రోలు. అతనికా పెట్టె అంటేనే బెదురు. మోటు వేళ్లతో ఒకటి నొక్కబోతే ఇంకొకటి పలికేది. "నీకో దణ్ణం, నువ్వే సర్దిపెట్టు" అన్నాడు కొన్న రోజున. అలాంటిది, ఇప్పుడు వెళ్లొచ్చిన చోట్ల బొమ్మే మాయమైంది. చివరుండాల్సిన పెట్రోలు బొమ్మ వచ్చి ఇంటి బొమ్మకన్నా ముందు కూర్చుంది.

ఇంటికన్నా ముందు పెట్రోలా?

కొన్నాళ్లుగా నివురు కింద ఉన్నదంతా ఒక్కసారి రాజుకుంది. ఆకలి పెరిగిందంటూ క్యారేజీలో ఇంకో గిన్నె పెట్టమన్నాడు. తిండి రెట్టింపైనా మనిషి ఒళ్లు చేసింది లేదు. జన్మలో గిన్నె తోమి ఎరగని వాడి క్యారేజీ తళతళలాడుతూ తిరిగొస్తోంది. పైన చుట్టే గుడ్డకి ఆమె వేసేది మామూలు ముడి. వచ్చేటప్పుడు మాత్రం రెండు కొసలూ లోపలికి మడిచిన పొందికైన ముడి. ఎక్కడో చూసిన ముడే అనిపించింది గానీ, కడుపుమంట ఆ ఆలోచనను సాగనివ్వలేదు. ఆడచేతి ముడి. ఆమెకి ఆ మాట చాలు.

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఈ పెట్టెని ఎవరు కెలికారండీ?"

"ఏ పెట్టె?"

"అవసరానికి చెవుడు బాగానే వస్తుంది మీకు."

"ఓ, అదా. షెడ్డులో మెకానిక్కు ఏదో నొక్కుంటాడు."

"మెకానిక్కుకి ఇంజనుతో పని గానీ, మన మెనూతో ఏం పని?"

"తెల్లారకుండానే కోర్టు పెట్టావేంటే! క్యారేజీ ఇటియ్యి, పోవాలి."

ఆమె ఇవ్వలేదు. క్యారేజీ ఒళ్లో పెట్టుకుని వెళ్లి ముందు సీట్లో కూర్చుంది.

"ఇదేంటి?"

"పెట్రోలు కొట్టిద్దాం పదండి. ఆ బంకు నేనూ చూస్తాను."

"ట్యాంకు నిండుగానే ఉందిగా."

"అయితే ఊరికే చూసొద్దాం" అంటూ పెట్రోలు బొమ్మ నొక్కింది.

కుడివైపు తిరగమంది పెట్టె. అతను తిన్నగా పోనిచ్చాడు. వెనక్కి తిరగమంది. ఇంకాస్త ముందుకెళ్లాడు. మళ్లీ అదే మాట.

"దానికున్న నిజాయితీ కట్టుకున్నవాడికి లేకపోయె" అంది ఆమె.

అతను బండి తిప్పాడు. దారిలో అసలు పెట్రోలు బంకే వచ్చింది. పెట్టె కిక్కురుమనలేదు. బంకు పక్కనుంచే వెళ్లిపోయారు.

"అదిగో బంకు. ఆగమనలేదేం?"

అతని మెడ మీద చెమట పట్టింది. ఆమె అది చూసింది. ఈ దారి చివర ఇంకో ఆడది ఉంటే, కుట్టుమిషను ఒక్కటి తెచ్చుకుని వేరే ఉండిపోవాలని అప్పుడే గట్టిగా అనుకుంది. ఒళ్లో క్యారేజీ వేడి తొడలకి తగులుతోంది.

ఊరి చివర కొత్తగా లేచిన ఇళ్లు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఓ గుమ్మం ముందు, చేరుకున్నారంది పెట్టె.

"మీ బంకుకి గుమ్మం కూడా ఉందే. తెర కూడా కట్టుకుంది!"

"లోపలికెళ్లే ముందు ఒక్క మాట వినవే."

"ఇన్నాళ్లూ చెప్పని మాట ఇప్పుడెందుకులెండి."

తోసుకుంటూ వెళ్లింది. తలుపు తెరిచే ఉంది.

"ఏం మరిదీ, ఇవాళ ఇంత పొద్దున్నే వచ్చావు?"

ఆ గొంతు విని ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. అక్క. తోడబుట్టిన అక్క. పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద చాపుకుని కుర్చీలో ఉంది. పక్కన చేతికర్ర.

అమ్మకి బాగాలేదని అక్క ఆలస్యంగా కబురు చేసింది. చెల్లెలికి చివరిచూపు దక్కలేదు. ఆ రోజే మొగుడితో అంది, అక్క గడప తొక్కితే నా మీద ఒట్టేనని.

అతను వెనకనుంచి నెమ్మదిగా అన్నాడు. "మెట్ల మీంచి పడిందట. ఆస్పత్రి దగ్గర ఎవరినో దింపుతుంటే కనిపించింది. ఒంటి మనిషి. నీ ఒట్టు ఒకపక్క, వదిన కాలొకపక్క. నేనేం చెయ్యను? ఈ ఇళ్లు చూశావుగా, మొదట్లో ఇంకెవరి తలుపో కొట్టి తిట్లు కూడా తిన్నా. అందుకే పెట్టెలో పెట్టించా. పేరు పెడితే నీ కంట పడుతుంది. పెట్రోలైతే నీకు పట్టదనుకున్నా. వెళ్లొచ్చిన చోట్లలో ఈ ఇల్లు కనపడుతుందని ఆ బొమ్మే తీయించేశా."

"ఇంటికన్నా ముందెందుకు?"

"చివరున్నది నా వేళ్లకి దొరికి చావదు. మెకానిక్కు ముందుకి జరిపాడు. అది మాత్రం నిజమేనే."

అక్క చెల్లెలి వైపు సూటిగా చూడలేకపోయింది. "హోటల్ నుంచి తెస్తున్నానన్నాడు. ఏ హోటలువాడు అమ్మలాగా ఉప్పు తక్కువేస్తాడు? మొదటి ముద్దకే తెలిసింది నీ చెయ్యని. అడిగితే ఎక్కడ మానేస్తాడోనని నోరు మూసుకుని తిన్నా." కాలి కట్టు వైపు చూస్తూ, "అమ్మ పోతుందని నేననుకోలేదే. రేపటికి లేచి కూర్చుంటుందనే అనుకున్నా. పోతుందని తెలిస్తే నీకు చెప్పనా?" అంది.

ఆమె క్యారేజీ అక్క ఒళ్లో పెట్టింది. అక్క వేళ్లు అలవాటుగా గుడ్డ విప్పి, కొసలు రెండూ లోపలికి మడిచి పక్కన పెట్టాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి ఆ ముడి ఎవరిదో. బడికెళ్లేటప్పుడు ఇద్దరి క్యారేజీలకీ అమ్మ వేసే ముడి. ఇన్నాళ్లూ రోజూ సాయంత్రం ఆ ముడిని తిట్టుకుంటూ విప్పింది.

కళ్లు తుడుచుకోలేదు. లోపలికెళ్లి మూడు పళ్లేలు కడిగి తెచ్చింది. అందరికీ వడ్డించి, అక్క కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. కూర అయిపోవచ్చాక, చిన్నప్పటిలాగే అక్క తన పళ్లెంలోది సగం తీసి చెల్లెలి పళ్లెంలో వేసింది. ఆమె వద్దనలేదు. తల వంచుకుని తింది.