బకెట్టెడు కోపం

పక్కింటావిడ ఆ గేటును మొదటిసారి తట్టింది బకెట్టుతో.

వాన అప్పుడే తెరిపిచ్చింది. రిటైర్డ్ ఇంజినీరు వరండాలో కూర్చుని అగ్గిపుల్లలతో వంతెన కడుతున్నాడు. జిగురు పూసిన పుల్లను పట్టకారుతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, దాని చోట దాన్ని నిలబెట్టబోతుండగా గేటు ధణేల్మంది. పుల్ల జారింది. వంతెన నడుం దగ్గర కుంగింది.

"ఎవరది? కాలింగ్ బెల్ కనిపించట్లేదా?"

"కనిపించింది. చేతులు ఖాళీ లేవు."

మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, తడిసి నుదుటికి అంటుకున్న నెరిసిన జుట్టు, రెండు చేతులా బకెట్టు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా రిటైరై, పక్కిల్లు కొనుక్కుని వచ్చినావిడ. నెలలు గడిచినా ఇద్దరికీ ఇంతవరకూ మాటల్లేవు. ఆమె గేటు తోసుకుని లోపలికొచ్చి, బకెట్టులోని బురదనీళ్ళు అతని మెట్టు మీద కుమ్మరించింది.

"మీ నీళ్ళు. మా ఇంట్లో మర్చిపోయారు. తెచ్చిచ్చాను."

"నీళ్ళకి నావీ మీవీ ఏమిటండీ?"

"అదే నేనూ అడుగుతున్నా. మీ చప్టా మీద పడ్డ వానంతా నా మంచం కిందికి ఎందుకొస్తున్నట్టు?"

చప్టా మాట ఎత్తేసరికి అతనికి ఒళ్ళు మండింది. ఇంటిముందు, గేటుకి రెండువైపులా, ఈ వేసవిలోనే వేయించిన సిమెంటు చప్టా. ఎడమ కొసన వీధి కాలవ. కుడి కొసన ఈవిడ గోడ. మేస్త్రీని ఒక్క తాపీ కూడా సొంతంగా వెయ్యనివ్వకుండా, దగ్గర నిలబడి చేయించిన పని అది.

"దాని వాలు కాలవ వైపుంది మేడమ్. జీవితమంతా వంతెనలు కట్టినవాణ్ణి నేను."

"అందుకే కాబోలు, కింద నీళ్ళు ఎటు పోతున్నాయో చూసుకోలేదు."

ఆమె ఖాళీ బకెట్టు ఊపుకుంటూ వెళ్ళిపోయింది. అతను జవాబు వెతుక్కుంటూ మెట్టు మీద నిలబడిపోయాడు. జవాబు సాయంత్రానికి దొరికింది. అప్పటికి వినేవాళ్ళు లేరు.

*

అతనికి అన్నింటి మీదా అభిప్రాయాలున్నాయి. వీధిలో స్పీడ్‌బ్రేకర్లు పెట్టినవాడెవడో ఒంటెను చూసి పెట్టాడు. బయటికి తెరుచుకోవలసిన తలుపులు లోపలికి తెరుచుకోవడం వల్లే దేశాలు వెనకబడుతున్నాయి. టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడు ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూస్తే చాలు. ఇవన్నీ అతను పొద్దున నడకలో చెప్పేవాడు, కూరల దుకాణంలో చెప్పేవాడు, ఎక్కడ ఇల్లు కడుతుంటే అక్కడ ఆగి చెప్పేవాడు. అందరూ "అవునండీ" అనేవారు.

ఆ 'అవునండీ'లో ఏముందో అతనికి తెలుసు. ఆఫీసులో ఉన్నప్పుడు అతనితో వాదించేవారు, ఎదురు తిరిగేవారు, ఫైళ్ళు విసిరేవారు. భార్య బతికున్నన్నాళ్ళూ అతని ప్రతి మాటకీ "ఆపండి మీ గోల" అనేది. ఇప్పుడు ఎవరూ ఆపమనడం లేదు. ఒప్పుకోవడమనేది, మనిషిని గదిలో వదిలేసి తలుపు మెల్లిగా దగ్గరగా వేసి వెళ్ళిపోవడం. లోపల మిగిలినవాడికి తోడుగా కోపం ఒక్కటే ఉంటుంది. దాన్ని అతను జాగ్రత్తగా మేపుకుంటున్నాడు.

పక్కింటావిడ మాత్రం 'అవునండీ' అనలేదు.

మర్నాడే అతను చప్టా కొలిచాడు. గోడ మేకుకి వేలాడుతున్న లెవెల్ పైపు తీశాడు. లోపలి నీళ్ళు కనబడే సన్నటి పొడుగాటి గొట్టం. నీళ్ళు నింపి రెండు కొసలూ పైకెత్తితే, రెండువైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. అక్కణ్ణించి నేల ఎంత దిగువనుందో కొలిస్తే పల్లమెటో తేలిపోతుంది. ఆ పనికి మనుషులిద్దరుండాలి, కొసకొకరు. రెండోవాళ్ళని పిలవడం అతనికి చేతకాదు. గొట్టాన్ని గేటు కమ్మీ మీదుగా లాగి, అవతలి కొసను కాలవ పక్కన స్తంభానికి తాడుతో కట్టేశాడు.

పల్లం కాలవ వైపేనని తేలింది. ప్రహరీ మీంచి తల పెట్టి పిలిచాడు.

"కొలిచాను మేడమ్! వాలు సరిగ్గానే ఉంది. మీ నేలలోనే ఊట ఊరుతుండాలి."

ఆమె అరచెయ్యి చాపింది. అందులో జిగురంటిన అగ్గిపుల్లలు, ఉబ్బిపోయి.

"ఊటలో ఇవి కూడా ఊరతాయా?"

విరిగిన వంతెనల్ని అతను చప్టా మూల పారేస్తుంటాడు. వాటిని గుర్తుపట్టాడు. అయినా తగ్గలేదు.

"గాలికి ఎగిరొచ్చుంటాయి."

"తడిసిన పుల్లలు గాలికెగురుతాయని ఏ కాలేజీలో చెప్పారు సార్?"

"నేను కొలిచానంటున్నా కదా!"

"మీరు కొలిచారని నీళ్ళకి ఎవరూ చెప్పలేదు పాపం."

*

ఆ ఏడు వానలు ఎక్కువ. ప్రతి వానకీ బకెట్టు వచ్చింది, ప్రతి బకెట్టుకీ గొడవ వచ్చింది. చప్టాతో మొదలై అది ఎక్కడెక్కడికో పోయేది. అతను ఆసుపత్రుల్లో మంచాల ఎత్తు తప్పని అన్నాడు. ఆమె, వంతెన మీంచి పడినవాళ్ళకి కట్లు కట్టిన చేతులివి, వంతెనల గురించి నాతో మాట్లాడకండి అంది.

వీధంతా ఆమెను సిస్టర్ అనేది. ఒకరోజు ఆమె నిలదీసింది.

"అందరూ సిస్టర్ అంటుంటే మీకొక్కరికే ఈ మేడమ్ ఏంటి? నోరు నొస్తుందా?"

"నాకు చెల్లెళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళతోనే వేగలేక చస్తున్నా."

ఆమె మొహం పక్కకి తిప్పుకుని, గొడుగు తెరిచింది. అప్పుడు వాన పడటం లేదు.

వీటన్నింటికీ సాక్షి అతని కోడలు. బ్యాంకులో పని చేస్తుంది. కొడుకు కంపెనీ పని మీద ఊళ్ళు తిరుగుతుంటాడు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ ఉండేది ఈ మామా కోడళ్ళే.

"మామయ్యా, ఒకటడగనా? మబ్బు పట్టినప్పుడల్లా గడ్డం గీసుకుంటున్నారేం?"

"గడ్డం పెరిగింది, గీసుకున్నా. దానికీ మబ్బుకీ ఏం సంబంధం?"

"ఏమో. నిన్న ఎండ కాసింది, మీరు అన్నం సరిగ్గా తినలేదు."

"నీకు బ్యాంకులో పనేం లేదా?"

"ఉంది. మీరు ఆ ఇస్త్రీ చొక్కా మీద జిగురు పోసుకోకండి, ఆవిడొచ్చే వేళైంది."

అతను పట్టకారు బల్ల మీద కొట్టాడు. కోడలు నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ నవ్వు మీద అతనికి రోజంతా కోపంగానే ఉంది.

*

ఒక పొద్దున పక్కింటి గోడకి 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు వేలాడింది.

అతను దాన్ని చదివి, వీధి చివరిదాకా నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ చదివాడు. ఆమె కిటికీ రెక్క తుడుస్తోంది.

"ఏమిటిది?"

"చదువొచ్చుగా మీకు."

"ఎక్కడికెళ్తారు?"

"మా స్నేహితురాలి అపార్ట్‌మెంటులో వాటా ఖాళీగా ఉంది. పై అంతస్తు. మీ నీళ్ళు నన్ను వెతుక్కుంటూ రావాలంటే మెట్లెక్కాలి."

"వెళ్ళండి! ఇల్లు చూసుకోవడం చేతకానివాళ్ళు అపార్ట్‌మెంట్లలోనే ఉండాలి!"

"వెళ్తున్నాగా! అరుస్తారేం?"

ఇంట్లోకొచ్చి అతను అగ్గిపుల్లల పెట్టె విసిరికొట్టాడు. కోడలు హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుంటూ ఆగింది.

"కోపం ఎవరి మీద మామయ్యా?"

"ఆవిడ మీద! మంచి ఇల్లు. పునాది గట్టిది. ఊరికే పాడని పేరు పెట్టి పోతోంది. మళ్ళీ కొలిచి మొహాన కొడతాను. ఆ రెండో కొస పట్టుకో కాస్త."

"నాకు ఆఫీసు టైమైంది." గుమ్మం దాటి, వెనక్కి తిరిగింది. "ఆ కొస పట్టుకోవాల్సింది నేను కాదు మామయ్యా. వెళ్ళి అడగండి. అడిగితే ఏం పోదు."

అడిగాడు. చెప్పులేసుకుని, పక్కింటి తలుపు కొట్టి, తిట్టినట్టే అడిగాడు.

"మీరొచ్చి ఈ గొట్టం పట్టుకోవాలి. వెళ్ళేముందు నిజం మీ కళ్ళతో చూసి వెళ్ళండి."

"చూపించండి. చూసే వెళ్తాను."

లోపల అట్టపెట్టెలు. సగం సామాను అప్పుడే వాటిలోకి వెళ్ళిపోయింది. అతను కళ్ళు తిప్పుకున్నాడు.

ఆమె గోడ దగ్గర, అతను కాలవ దగ్గర. మధ్యలో చప్టా పొడవునా, మొదటిసారిలాగే గేటు కమ్మీ మీదుగా గొట్టం, అప్పటి నీళ్ళతోనే.

"ఇంకా పైకెత్తండి! చెయ్యి వణక్కూడదు."

"నా చెయ్యి వణికుంటే ఈ ఊళ్ళో సగంమంది ఉండేవాళ్ళు కాదు. మీ సంగతి చూసుకోండి."

ఆమె అలవాటుగా గొట్టాన్ని ఒక్కసారి పైకి లాగి సర్దింది. గేటు కమ్మీ మీద మెలి తిరిగిన చోటు నిటారుగా లేచింది. అప్పుడు అతను చూశాడు. ఆ ఒంపులో ఇన్నాళ్ళూ దాక్కున్న గాలిబుడగ ఒకటి, వేలెడు పొడవున, మెల్లగా కదిలి, అతని కళ్ళముందు నుంచే పైకి పాకి, గొట్టం మూతిదగ్గర చిట్లిపోయింది.

అతని కొసన నీళ్ళు దిగాయి. ఆమె కొసన పెరిగాయి.

ఆమె నీళ్ళు చూడటం లేదు. ప్రహరీ మీద వాలిన కాకిని కసురుతోంది.

వంగి కొలవనక్కర్లేదు. అయినా కొలిచాడు. పల్లం ఆమె గోడ వైపు. మొదటినుంచీ అటే. గాలి చెప్పిన అబద్ధాన్ని నమ్మి, ఉబ్బిన అగ్గిపుల్లలు చెప్పిన నిజాన్ని వానకాలమంతా కాదన్నాడు.

అతనికి చెమట పట్టింది. తప్పు చేసినందుకు కాదు. తప్పులు అతను చాలా చూశాడు. చెబితే చప్టా పగలగొట్టాలి, వాలు సరిచెయ్యాలి, అక్కడితో ఆమెకి ఈ గేటు తట్టే పనే ఉండదు. చెప్పకపోతే ఆ పెట్టెలు వీధిలోకి వస్తాయి. ఎటు తిరిగినా ఆమె లేని వాన ఒకటి ముందు నిలబడి ఉంది. ఇన్ని నెలలుగా తను కాపాడుకుంటూ వచ్చింది చప్టాను కాదని, ఆ గొడవనని, అతనికి అప్పుడు అర్థమైంది. అర్థమయ్యేసరికి విపరీతమైన కోపం వచ్చింది.

"ఏమైంది? బిగుసుకుపోయారేం?" ఆమె పిలిచింది.

"తప్పు నాది!" అతను అరిచాడు. కాకి లేచిపోయింది. "వినపడిందా? నాదే! గొట్టంలో గాలి ఉండిపోయింది, నేను చూసుకోలేదు! నీళ్ళు మీ ఇంట్లోకే వస్తాయి! రాక ఏం చేస్తాయి!"

ఆమె గొట్టం చేతిలోంచి వదిలేసింది. నీళ్ళు చప్టా మీద పడి, ఇద్దరూ చూస్తుండగా, తిన్నగా ఆమె గోడవైపు పారాయి.

"గాలిబుడగా?" గొంతు చాలా నెమ్మదిగా మొదలైంది. "నా చేతిలోని గొట్టంలో గాలి ఉంటే మనిషి పోతాడని, ప్రతి సెలైన్ సీసాకీ పదిసార్లు చూసేదాన్ని. మీరు ఒక్కసారి చూడలేకపోయారా? ఇప్పుడా చెప్పేది? సామానంతా సర్దేశాకా?"

"సర్దమని నేను చెప్పానా?"

"వద్దని చెప్పారా?"

జవాబు కోసం ఈసారి సాయంత్రందాకా ఆగకూడదని అతనికి అనిపించింది.

"చెప్పాలనుకున్నా. కోపంలో కుదర్లేదు."

"మీకు కోపం లేని రోజేదో చెప్పండి, అప్పుడొస్తా."

"మీరు తోచినప్పుడల్లా వస్తుంటే..." ఆగాడు. "తలుపు తీసుంటుంది. నీళ్ళు రాకపోయినా సరే."

ఆమె తన గోడవైపు పారుతున్న నీళ్ళను కాలితో చిమ్మింది.

"నేను పిలిపించిన మేస్త్రీ మొదటి వానకే చెప్పాడు," అంది చివరికి, అదేదో అతని నేరమైనట్టు. "గుమ్మానికి అడ్డంగా రెండిటుకలు పెడితే చుక్క రాదన్నాడు. నేనే వద్దన్నా."

"ఎందుకు?"

"ఎందుకా! ఇటుకలు పెట్టేస్తే ఏ మొహం పెట్టుకుని మీ గేటు కొట్టాలి? ఇంజినీరట, ఇంజినీరు!"

లోపలికెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది. ఆ చప్పుడు వింటూ అతను తడి చప్టా మీద నిలబడ్డాడు. తర్వాత షెడ్డులోంచి పెద్ద సుత్తి తెచ్చి, చప్టాను కుడి కొస నుంచి పగలగొట్టడం మొదలుపెట్టాడు. సాయంత్రం కోడలు వచ్చేసరికి చొక్కా నిండా సిమెంటు దుమ్ము, అరచేతుల్లో బొబ్బలు. పక్కనే, ఆ బొబ్బలకి పట్టీలు వేస్తూ, దుమ్ము కంట్లో పడిందని తిడుతూ పక్కింటావిడ.

కోడలు పక్కింటి గోడ మీది బోర్డు విప్పి, చంకలో పెట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

*

కొత్త చప్టా ఆరాక మంచి వాన పడింది. అతను గడ్డం గీసుకుని వరండాలో కూర్చున్నాడు. నీళ్ళన్నీ బుద్ధిగా కాలవలోకి వెళ్ళాయి. వాటి మీద కూడా కోపమొచ్చింది.

గేటు ధణేల్మంది.

రబ్బరు బూట్లు, గొడుగు, బకెట్టు. ఆమె మెట్టు మీదికొచ్చి బకెట్టు తలకిందులు చేసింది. అందులోంచి ఏమీ పడలేదు.

"చుక్క రాలేదు," అంది కసిగా.

"రాకపోతే మంచిదేగా! మొహం అలా పెట్టారేం?"

"ఏం చెప్పి రావాలో తెలీక పొద్దున్నుంచీ కిటికీ దగ్గర నిలబడ్డా. కాళ్ళు లాగేస్తున్నాయి. మీకేం, కూర్చున్నారు."

"కుర్చీ తెస్తానుండండి."

"అక్కర్లేదు. కుర్చీ వేస్తే చుట్టాన్నైపోతాను." బకెట్టు బోర్లించి, అతని పక్కనే దాని మీద కూర్చుంది. సగం కట్టిన వంతెనను పరీక్షగా చూసింది. "ఇది నిలబడదు."

"ఎందుకు నిలబడదు?"

"ఇటువైపు పట్టుకునేవాళ్ళు లేరు."

అతను జిగురు పూసిన పుల్ల ఒకటి ఆమెకి అందించాడు. ఆమె పట్టుకుంది. చెయ్యి వణకలేదు. వణికింది అతనిది.

లోపల్నుంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తయ్యా! మీ టీలో చక్కెర ఎంత వెయ్యను?"

వరండాలో ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. పుల్ల పక్కకి ఒరిగింది.

"అరవకు!" ఇద్దరూ ఒకేసారి లోపలికి కసిరారు. "వంతెన పడిపోతుంది!"