అరవై నాలుగు అక్షరాలు

ఒట్టావా కాలువ మంచు మీద స్కేటింగ్ చేస్తున్న జనం మధ్యలో, పట్టపగలు, లూసియన్‌ని ఎవరో విషపు సూదితో పొడిచారు. ప్రాణం పోయేముందు అతను ఏజెంట్ ర్యాంకిన్‌కి ఒక మెసేజ్ పంపాడు: "మొదటి నాలుగు, చివరి నాలుగే చూశాను. సబీన్ ముంచేసింది."

పదేళ్ల స్నేహం. ర్యాంకిన్ తిన్నగా లూసియన్ పనిచేసే సర్టిఫికెట్ల ఆఫీసుకు పరుగెత్తాడు.

"పూటీన్ వేపుడు చల్లారిందా?" డైరెక్టర్ ఒడెట్ తలుపు వెనక నుంచి సంకేతపదం అడిగింది.

"గ్రేవీ ఇంకా పొగలు కక్కుతోంది."

సంకేతం కలిసింది. ఒడెట్ తలుపు తెరిచింది.

"ప్రతి వెబ్‌సైట్‌కీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, గుర్తింపు కార్డులాగా. మాతో పనిచేసే సబీన్ మా చేత కరెంటు గ్రిడ్ పేరు మీద దొంగది పుట్టించింది. రేపు పన్నెండింటికి ఆమె ముఠా దాంతో గ్రిడ్‌లో దూరి కరెంటు తీసేస్తుంది. బయట మైనస్ ముప్ఫై. ముసలివాళ్లు మంచాల్లోనే బిగుసుకుపోతారు."

"రద్దు చెయ్యండి!"

"రద్దు బ్లాక్‌చెయిన్‌లో, అంటే అందరికీ కనపడే ఉమ్మడి ఖాతాలో, ఎక్కాలంటే మూడు సంతకపు కార్డులు పడాలి. నాది, లూసియన్ బదులు నీది, సబీన్‌ది. అరెస్ట్ చేస్తే ఆవిడ కార్డు పెట్టదు."

"అసలు మీరెలా మోసపోయారు?"

ఒడెట్ తల దించుకుంది. "ప్రతి ఆర్డర్‌కీ అరవై నాలుగు అక్షరాల కోడ్. ఆర్డర్‌లో చుక్క మారినా కోడ్ మారిపోతుంది. కాగితం మీదా స్క్రీన్ మీదా మొదటి నాలుగు, చివరి నాలుగు కలిస్తే సంతకం పెట్టేస్తాం. అందరం అంతే."

"అందరూనా?" ర్యాంకిన్ పళ్లు కొరికాడు. "అయితే ఆవిడ కూడా అంతేగా!"

ఆ రోజంతా ల్యాబ్ కంప్యూటర్లు రద్దు ఆర్డర్‌ను కోట్లసార్లు మార్చి మార్చి, ఆ ఎనిమిది అక్షరాలూ ఒక ఆసుపత్రి సర్టిఫికెట్ రెన్యువల్ కోడ్‌తో కలిసేదాకా రుబ్బాయి.

మర్నాడు పదకొండూ యాభై. ఎర్ర కోటులో మెరిసిపోతూ సబీన్ వచ్చింది. పెట్టుడు గడ్డం, కళ్లద్దాలతో ఉన్న ర్యాంకిన్‌ని లూసియన్ బదులు వచ్చిన కొత్త ఆఫీసరనుకుంది. ఆసుపత్రి రెన్యువల్ కాగితం చేతిలో పట్టుకుని స్క్రీన్ వైపు చూసింది.

"ఏడు, సి, సున్నా, ఎఫ్... చివర తొమ్మిది, ఎ, ఎ, రెండు. సరిపోయింది."

"మొత్తం చదవరా మేడమ్?"

"అరవై నాలుగూనా? నాకు లంచ్ ఉంది బాబూ!"

మూడు కార్డులూ పడ్డాయి. పదకొండూ యాభై తొమ్మిదికి రద్దు బ్లాక్‌చెయిన్‌లో ఎక్కింది. పన్నెండు కొట్టింది. దీపాలు ఒక్కసారి రెపరెపలాడి నిలబడ్డాయి. దొంగ సర్టిఫికెట్‌ని గ్రిడ్ గుమ్మంలోంచే గెంటేసింది.

స్క్రీన్ మీద 'రద్దు' అన్న మాట చూసి సబీన్ ముఖం పాలిపోయింది. "వెనక్కి తీసుకో!"

"బ్లాక్‌చెయిన్‌లో ఎక్కింది ఎవడూ చెరపలేడు." ర్యాంకిన్ గడ్డం పీకేశాడు. "రద్దు చేసింది నువ్వేనని నీ సంతకం చెబుతోంది. ప్రపంచంలో ఎవరైనా చదవచ్చు, నీ ముఠాతో సహా. తలుపు తెరిచే ఉంది. వెళ్తావా?"

సబీన్ తలుపు వైపు చూసింది. రెండు చేతులూ ముందుకు చాచింది. "నీకు పుణ్యముంటుంది, నన్ను అరెస్ట్ చెయ్యి!"

ర్యాంకిన్ బేడీలు తీసి బల్ల మీద పెట్టాడు. పక్కనే లూసియన్ ఫొటో నిలబెట్టాడు.

"ముందు ఆ కోడ్ చదువు. అరవై నాలుగూ. వాడికి వినపడేలా."