ఐసులో పిడికెడు ఉప్పు

జక్రయ్యకు తెలుసా, తెలియదా? ఇరవై మూడేళ్ళుగా ఇమ్మానియేలును తొలిచిన అనుమానం అదొక్కటే. చదువుకునే రోజుల్లో కాలేజీ ల్యాబులో అతను ఐసును థర్మామీటరుతోనే కలుపుతుంటే అది పగిలింది. ఎవరూ చూడలేదనుకుని నోరు మూసుకున్నాడు. నింద అటెండరు జక్రయ్య మీద పడింది, ఉద్యోగం పోయింది. అప్పటినుంచీ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునే ప్రతిసారీ ఇమ్మానియేలుకు ఆ పగిలిన గాజే గుర్తొస్తుంది.

ఇప్పుడతను ఏజెంట్ సెవెంటీన్. ఉదయం చీఫ్ శేషాచలం క్లుప్తంగా చెప్పాడు. రాకెట్ ఇంధనం శాంపిల్ చోరీ అయింది. మిర్చి కొనేవాళ్ళ వేషంలో గుంటూరు వచ్చిన విదేశీ ముఠా దాన్ని ఐడ్రాప్స్ సీసాలో దాచింది. ఒకేలాంటి సీసాలు పన్నెండు; మిగతా పదకొండింటిలో మామూలు కంటి మందే. మిర్చి యార్డులో కళ్ళు మండనివాడెవడు? ఎవరూ అనుమానించరు.

"ఒక్క సీసా మార్చు. సీళ్ళు ఊడదీయకు. అనుమానం వస్తే ఢిల్లీలో వాళ్ళ నాయకుడు జారుకుంటాడు."

కమీషన్ వ్యాపారి వేషంలో ఇమ్మానియేలు మిర్చి బస్తాల మధ్య నిలబడ్డాడు. ముఠాకు దుబాసీగా ఉంటూ మనకు పనిచేసే రాగసుధ నల్లకళ్ళద్దాలతో వచ్చింది.

"కారం ఎలా ఉందండీ?"

"కళ్ళే చెబుతున్నాయి."

కోడ్ కలిసింది. సీసాల సంచీ చేతికిచ్చింది.

"ఇరవై నిమిషాలు. దాటితే నన్ను మీ దేవుడు కూడా కాపాడలేడు."

నీటిలో ఏదైనా ఎంత చిక్కగా కలిస్తే, గడ్డకట్టడానికి అంత ఎక్కువ చలి కావాలి. పలచటి కంటి మందు సున్నాకు కాస్త దిగువనే గడ్డకడుతుంది. చిక్కటి ఇంధనం కట్టదు. కావలసింది ఐసు, ఉప్పు. ఆ రెండూ ఉన్నది గేటు దగ్గరి కుల్ఫీ బండిలో. బండి ఎవరిదో తెలిసే ఇన్నాళ్ళూ ఇమ్మానియేలు ఆ గేటు తప్పించుకు తిరిగాడు.

జక్రయ్య జుట్టు పూర్తిగా నెరిసింది. సీసాలు చూసి, ఎంత చల్లగా కావాలని మాత్రం అడిగాడు.

"మైనస్ ఎనిమిది. ఉప్పు ఎక్కువైతే అన్నీ గడ్డకట్టేస్తాయి."

"ఉప్పు సంగతి నాకు చెబుతారా సార్?" అంటూ సీసాలు ఐసులో దించి పిడికిలితో ఉప్పు చల్లాడు.

గుండీలో కెమెరా, పెన్నులో రికార్డరు ఇప్పుడెందుకూ పనికిరాలేదు. తొలి జీతంతో కొని, ఇచ్చే మొహం లేక బ్యాగులోనే మోస్తున్న థర్మామీటరు బయటకు తీశాడు. సరిగ్గా మైనస్ ఎనిమిది.

పదహారో నిమిషానికి తొమ్మిది సీసాలు తెల్లబడ్డాయి. మూడు ఇంకా నీళ్ళే. ఇమ్మానియేలు మళ్ళీ గడియారం చూశాడు.

"కంగారు పడమాకండి. కొన్ని నీళ్ళు మొండికేస్తాయి."

జక్రయ్య గోటితో ఒకదాన్ని కొట్టాడు. చటుక్కున గడ్డకట్టింది. రెండోదీ అంతే. మూడోది ఎంత కొట్టినా నీళ్ళే.

"ఇదే మీకు కావల్సింది."

దాని స్థానంలో చీఫ్ ఇచ్చిన అసలైన మందు సీసా చేరింది. మే నెల ఎండకు మిగతావి కరిగాయి. ముఠా కారు తలుపు మూసుకోబోతుండగా సంచీ రాగసుధ ఒళ్ళో పడింది. మర్నాడు ఢిల్లీలో నాయకుడు దొరికాడు. అతని జేబులో కళ్ళమంట మందుంది.

సాయంత్రం ఇమ్మానియేలు బండి దగ్గరికి తిరిగొచ్చి థర్మామీటరు అందించాడు. పోయిన ఉద్యోగానికి ఇది ఏ మూల?

"ఇది మీకు బాకీ. ఆ రోజు పగలగొట్టింది నేనే."

జక్రయ్య దాన్ని తువ్వాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక కుల్ఫీ తీసి అతని చేతిలో పెట్టాడు.

"కలపడానికి గాజు కడ్డీ ఉంటుంది బాబూ. ఆ రోజూ నీ పక్కనే ఉంది."