కుడివైపు వెనక స్పీకర్

ఆ ఉదయం ఆయన రొట్టెకి వెన్న రాసుకుంటూ శ్రోతల అభిప్రాయాలు పైకి చదవడం మొదలుపెట్టాడు. భార్య అలవాటుగా ఆయనకి ఎడమవైపు కూర్చుంది. రెండేళ్లుగా ఆవిడ చోటు అదే. కుడివైపు నుంచి ఏం చెప్పినా ఆయనకి వినబడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఏనాడూ పైకి అనలేదు. రికార్డింగులు సరిచేసి బతికే మనిషికి చెవి పోయిందని బయట తెలిస్తే ఇక పనిచ్చేదెవరు? అందుకే ఆవిడ కుర్చీ మార్చుకుని ఊరుకుంది.

ఆ అభిప్రాయాలన్నీ నలభై ఏళ్ల కిందట ఆయన చేతిమీదుగా వచ్చిన ఒక రాక్ ఆల్బమ్ గురించి. ముందు మూడు, వెనక రెండు స్పీకర్లలో చుట్టూ వినబడేలా దాన్ని మళ్లీ తయారుచేసే పని కంపెనీవాళ్లు ఆయనకే అప్పజెప్పారు. చివరి పాటలో గిటార్ల మాటున ఒక ఆడగొంతు ఉంటుంది. అది ఆవిడదే. జన్మకి పాడింది ఆ ఒక్క పాట. “ఈసారి వెనక కుడి స్పీకర్ మొత్తం నీకే” అని ఆయన అన్న రోజు ఆవిడ పెళ్లినాటికంటే ఎక్కువ మురిసిపోయింది. తయారయ్యాక విన్నప్పుడు తన గొంతు మరీ పెద్దగా ఉందనిపించింది. అది ప్రేమనుకుంది పిచ్చిది, నోరు మెదపలేదు.

ఆల్బమ్ వచ్చి వారమైంది. డ్రమ్ములు అద్భుతమన్నారు, గిటార్లకి ఒళ్లు పులకరించిందన్నారు. తరవాత అందరూ చివరి పాట మీద పడ్డారు.

“‘వెనక కుడివైపు ఎవరో ఆవిడ నా భుజమెక్కి అరుస్తోంది. ఆ స్పీకర్ వైరు పీకేశాక ప్రాణం హాయిగా ఉంది.’” ఆయన చదువుతూ పోయాడు. “ఇంకొకడు చూడు. ‘మా కుక్క సోఫా కింద దూరింది, ఇంకా రాలేదు.’”

కుక్క దగ్గర ఆయనకి నవ్వు కూడా వచ్చింది. ఆవిడ చేతిలోని రొట్టె కంచంలో పెట్టేసింది.

“నీకు శ్రుతి నిలబడదని నాకప్పుడే తెలుసు. పోనీలే పాపం అని ఉంచాను. ఇవాళ నా పరువు తీశావు.”

మధ్యాహ్నంలోగా సరిచేసి పంపమని కంపెనీ అడిగింది. ఆ గొంతు మొత్తం చెరిపేసి పంపుతానన్నాడు. ఆవిడ ఎంగిలి కంచాలు తీయబోయి మళ్లీ కూర్చుంది.

ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే కూతురు పనికి బయల్దేరుతూ అంతా విన్నది. వచ్చి తండ్రి కుడిభుజం వెనక నిలబడి మామూలు గొంతుతో, “నాన్నా, ఇల్లు అంటుకుంది” అంది.

ఆయన ఇంకో ముక్క కొరికాడు.

“ఎన్నాళ్ల నుంచమ్మా?” అని కూతురు అడిగితే తల్లి తల దించుకుంది.

కూతురు ఆయన్ని చెయ్యి పట్టుకుని స్పీకర్ల గదిలోకి లాక్కెళ్లింది. కుర్చీ తిప్పి, ఎడమచెవి వెనక కుడి స్పీకర్‌కి ఎదురుగా ఉండేలా కూర్చోబెట్టి, చివరి పాట పెట్టింది. గొంతు మీద పడేసరికి ఆయన ఉలిక్కిపడ్డాడు. ఈ ఆల్బమ్ మీద పని చేసిన రోజుల్లో ఆ గొంతు ఎంత పెంచినా చాలినట్టు అనిపించలేదు. ఒక్కసారి విని చెప్పమని ఎవరినైనా అడిగితే చెవి సంగతి తెలిసిపోతుందని అడగలేదు. ఇప్పుడు తగ్గించి విన్నాడు. మరోసారి విన్నాడు.

“శ్రుతి ఎక్కడా తప్పలేదే,” అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

“ఎప్పుడూ తప్పలేదు నాన్నా. నువ్వే అమ్మ గొంతుకి కుక్కలు దాక్కునేలా చేశావు.”

తప్పు ఆ గొంతుది కాదని, తన కుడిచెవి పనిచెయ్యదని కంపెనీకి రాశాడు. గొంతు తగ్గించి పంపుతాను, చెరపను, ఇకమీదట పని ఇవ్వకపోయినా సరే అని రాసి ఇద్దరికీ చదివి వినిపించాడు. కూతురు పనికి వెళ్లిపోయింది.

ఆవిడ టీ తెచ్చి, రెండేళ్లలో మొదటిసారి ఆయనకి కుడివైపు కూర్చుంది. ఆయన కప్పులోకే చూస్తూ, “నన్ను క్షమిస్తావా?” అని అడిగాడు.

“క్షమించనండీ,” అంది ఆవిడ నెమ్మదిగా.

ఆయన జవాబు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాడు. కప్పు మీద చేతులు బిగుసుకున్నాయి. ఆవిడ ఆ చేతులకేసి చాలాసేపు చూసింది. ఆ మాట అనగలిగినందుకు గుండె కాస్త తేలికపడింది. తరవాత లేచి, చుట్టూ తిరిగి వచ్చి, ఎడమవైపు తన పాత కుర్చీలో కూర్చుంది.

“టీ చల్లారిపోతోంది. తాగండి.”

అది వినబడింది. ఆయన కప్పు పక్కన పెట్టేసి ఏడ్చాడు.